డార్విన్ వివాదం బడికి చేరిన కథ

1882 ఏప్రిల్ 26న చార్లెస్ డార్విన్‌ను లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, న్యూటన్ సమాధికి దగ్గర్లోనే ఖననం చేశారు. మనిషికీ కోతికీ పూర్వీకులు ఒకరేనని రాసిన మనిషి ఆయన. దేవుడున్నాడో లేడో తేల్చుకోలేనని చెప్పుకున్న మనిషి కూడా. అయినా చర్చి ఆయనకు తన ఆవరణలోనే చోటిచ్చింది. నలభై మూడేళ్ల తర్వాత అమెరికాలో ఒక స్కూలు టీచరు మనిషి పుట్టుక గురించిన అదే సంగతి పిల్లలకు చెప్పాడన్న నేరానికి బోనెక్కాడు. మతానికీ సైన్సుకీ అనాదిగా యుద్ధం నడుస్తోందనుకునేవాళ్లు ఈ రెండు ఘటనల నడుమ ఏం జరిగిందో పట్టించుకోరు. నిజానికి వివాదం ఇప్పటి రూపానికి వచ్చింది అప్పుడే.

కొంచెం వెనక్కి వెళ్దాం. బైబిల్లోని వంశావళులనూ పాత రాజుల కాలాలనూ లెక్కగట్టి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ తేల్చారు. ఈ లెక్కను చాలామంది ఎగతాళి చేస్తారు గానీ, ఆనాడు దొరికే ఆధారాలతో ఆయన చేసింది శ్రద్ధగా చేసిన చరిత్ర పనే. దాన్ని మొదట కదిలించింది జీవశాస్త్రం కాదు, భూగర్భశాస్త్రం. స్కాట్లాండ్ తీరంలో ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పేరుకున్న రాతిపొరలు చూసి, ఇవి ఇలా ఏర్పడటానికి ఊహకందనంత కాలం పట్టి ఉండాలని 18వ శతాబ్దం చివర్లోనే జేమ్స్ హట్టన్ అన్నారు. 1830లో చార్లెస్ లయెల్ ఆ వాదనకు పుస్తకరూపం ఇవ్వడం మొదలుపెట్టారు. దాని మొదటి సంపుటం వెంటబెట్టుకునే డార్విన్ బీగిల్ ఓడెక్కాడు.

కాబట్టి 1859లో ‘జాతుల పుట్టుక’ వచ్చేసరికి, చదువుకున్న క్రైస్తవుల్లో చాలామంది ఆరువేల ఏళ్ల పట్టు వదిలేశారు. ఆదికాండములోని ఒక్కో దినం ఒక్కో యుగమని కొందరు అర్థం చెప్పుకున్నారు. మొదటి రెండు వచనాల మధ్యే లెక్కలేనంత కాలం గడిచిందని ఇంకొందరు అన్నారు. ఇదేమీ కొత్త సర్దుబాటు కాదు. ప్రకృతి గురించి తెలిసీ తెలియని మాటలకు లేఖనాన్ని అడ్డుపెట్టి అవిశ్వాసుల ముందు నవ్వులపాలు కావద్దని అయిదో శతాబ్దపు తొలినాళ్లలోనే సెయింట్ అగస్టీన్ హెచ్చరించారు.

డార్విన్ దెబ్బ తగిలింది ఇంకోచోట. జీవుల శరీరాల్లో ఇంత పొందిక ఉందంటే వాటిని రూపొందించినవాడు ఒకడు ఉండాలని విలియం పేలీ 1802లో వాదించారు. గడియారం ఉందంటే చేసినవాడు ఉన్నట్టే కదా అన్నది ఆయన పోలిక. కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో డార్విన్ ఆ వాదనకు ముగ్ధుడయ్యాడు. తర్వాత అదే పొందికకు వేరే కారణం చూపించాడు. ఒకే జాతిలోని జీవుల మధ్య చిన్న చిన్న తేడాలుంటాయి, వాటిలో కొన్ని సంతానానికి వస్తాయి, బతికి పిల్లలను కనడానికి పనికొచ్చే తేడాలు తరతరాలుగా పెరుగుతూ పోతాయి. ప్రకృతి వరణం అంటే ఇంతే. రూపశిల్పి లేకుండానే రూపం వస్తుంది. గొంగళిపురుగును బతికుండగానే లోపలినుంచి తినేసే కందిరీగలను దయగల దేవుడు కావాలని సృష్టించాడంటే తనకు నమ్మబుద్ధి కావడం లేదని 1860లో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు రాశాడు. గ్రే స్వయంగా భక్తిగల ప్రెస్బిటేరియన్. అమెరికాలో డార్విన్ తరఫున గట్టిగా నిలబడింది కూడా ఆయనే.

అదే ఏడాది జూన్ 30న ఆక్స్‌ఫర్డ్‌లో బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ డార్విన్ పక్షాన నిలిచిన థామస్ హక్స్‌లీకీ జరిగిన వాగ్వాదం గురించి అందరూ చెబుతారు. ‘మీరు తాత వైపునుంచి కోతికి పుట్టారా, అమ్మమ్మ వైపునుంచా’ అన్న ప్రశ్న, దానికి చెంపపెట్టులాంటి జవాబు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎవరూ అప్పుడు రాసి పెట్టలేదు. మనం వినే రంగుల కథ చాలావరకు దశాబ్దాల తర్వాతి జ్ఞాపకాల్లోంచి వచ్చింది. తన పుస్తకం మీద బిషప్ రాసిన సమీక్ష మాత్రం చాలా తెలివైనదని డార్వినే ఒప్పుకున్నాడు.

మరి బోనెక్కిన టీచరు సంగతి? అక్కడ ముందుగా విలియం జెన్నింగ్స్ బ్రయాన్ గురించి తెలుసుకోవాలి. డెమోక్రటిక్ పార్టీ తరఫున మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన నాయకుడు. రైతుల పక్షం, మహిళల ఓటుహక్కు పక్షం, యుద్ధానికి వ్యతిరేకం. ఆయనకు డార్విన్ మీద కోపం వచ్చింది శిలాజాల వల్ల కాదు. బలవంతుడిదే రాజ్యం అనే తర్కం పెట్టుబడిదారులకూ యుద్ధోన్మాదులకూ ఆయుధమైందని, మొదటి ప్రపంచ యుద్ధానికి అదీ ఒక కారణమని ఆయన నమ్మాడు. ఇందులో పూర్తిగా పసలేదని అనలేం. ఆ కేసులో చర్చకు వచ్చిన జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలోనే జాతుల హెచ్చుతగ్గులు, ‘పనికిరానివాళ్లు’ సంతానం కనకుండా చూడటం లాంటి మాటలు ఉన్నాయి. అవి పరిణామ సిద్ధాంతం చెప్పిన సంగతులు కావు, దాని పేరు వాడుకున్న అభిప్రాయాలు. కానీ పాఠంలో రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు మామూలు తల్లిదండ్రులు వాటిని విడదీసి చూడటం కష్టం. పైగా అప్పటికి అమెరికాలో హైస్కూలు చదువు వేగంగా పెరుగుతోంది. అంతదాకా పండితుల మధ్య ఉన్న వాదన ఒక్కసారిగా ప్రతి ఇంటి పిల్లల పుస్తకాల సంచీలోకి వచ్చిపడింది.

1925 మార్చిలో టెనెసీ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో మనిషి తక్కువ స్థాయి జంతువుల నుంచి వచ్చాడని బోధించడాన్ని నిషేధించింది. ఈ చట్టాన్ని సవాలు చేసేవారికి అండగా ఉంటామని పౌరహక్కుల సంఘం ప్రకటించింది. డేటన్ అనే చిన్న పట్టణంలోని పెద్దమనుషులు అది చూసి, కేసు మన ఊళ్లో నడిస్తే ఊరికి పేరొస్తుందని మందులషాపులో కూర్చుని పథకం వేశారు. జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల టీచరు, ఫుట్‌బాల్ కోచ్, నిందితుడిగా నిలబడటానికి ఒప్పుకున్నాడు. తాను ఆ పాఠం నిజంగా చెప్పానో లేదో అతనికే సరిగా గుర్తులేదు! తమాషా ఏమిటంటే, ఆ పాఠం ఉన్న పుస్తకం స్వయంగా రాష్ట్రం ఆమోదించినదే.

విచారణ రేడియోలో ప్రసారమైంది. జూలై 20న కోర్టు పచ్చికలోకి మారింది. డిఫెన్స్ లాయరు క్లారెన్స్ డారో ఏకంగా బ్రయాన్‌నే సాక్షిగా పిలిచి బైబిల్ మీద ప్రశ్నలు వేశాడు. సృష్టి జరిగిన ఆరు రోజులూ ఇరవై నాలుగు గంటల రోజులేనా అని అడిగితే, కానక్కర్లేదని బ్రయాన్ అన్నాడు. ఇప్పటి సృష్టివాదుల్లో చాలామందికి ఆ ఒక్క జవాబే మింగుడుపడదు. మర్నాడు జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో స్కోప్స్‌ను దోషిగా తేల్చింది, జడ్జి వంద డాలర్ల జరిమానా వేశారు. అయిదు రోజులకు బ్రయాన్ చనిపోయాడు. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు, యాభై డాలర్లు దాటిన జరిమానా జ్యూరీ వేయాలి గానీ జడ్జి వేయకూడదన్న సాంకేతిక కారణంతో శిక్ష రద్దు చేసింది. చట్టాన్ని మాత్రం అలాగే ఉంచింది. దాంతో కేసు దేశ సుప్రీంకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. పత్రికలు డారో గెలిచాడని రాసుకున్నా, పాఠ్యపుస్తకాల ప్రచురణకర్తలు డార్విన్‌ను చప్పుడు కాకుండా తగ్గించేశారు. ఆ పరిస్థితి మూడు దశాబ్దాలు సాగింది.

మార్చింది రష్యా. 1957లో దాని తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరగానే అమెరికాకు టెన్షన్ పట్టుకుంది. సైన్సు చదువులకు కేంద్రం నిధులు కుమ్మరించింది. 1960ల మొదట్లో వచ్చిన కొత్త జీవశాస్త్ర పుస్తకాలు పరిణామాన్ని మళ్లీ మధ్యకు తెచ్చాయి. సరిగ్గా అదే సమయంలో, 1961లో, భూమి మీది రాతిపొరల్లో చాలాభాగం నోవహు కాలపు జలప్రళయంలోనే ఏర్పడ్డాయని ఒక వేదాంతి, ఒక ఇంజినీరు కలిసి పుస్తకం రాశారు. భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనన్న వాదం పెద్ద ఉద్యమంగా ఎదిగింది దీని తర్వాతే. ప్రాచీన విశ్వాసంలా కనిపించే ఈ ఉద్యమం వయసు స్పుత్నిక్ కంటే చిన్నది.

అక్కడినుంచి కథంతా కోర్టుల్లోనే. పరిణామ బోధనను నిషేధించే చట్టాలు చెల్లవని 1968లో ఆర్కన్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిషేధం కుదరకపోతే సృష్టి వాదానికీ తరగతిలో సమాన సమయం ఇవ్వండన్నారు, ‘సృష్టి విజ్ఞానం’ అనే పేరుతో. అలాంటి చట్టాన్ని ఆర్కన్సాలో 1982లో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. కేసు వేసినవాళ్లలో మెథడిస్టు, ఎపిస్కోపల్, రోమన్ కాథలిక్ బిషప్పులే ఉన్నారు. 1987లో లూసియానా తెచ్చిన అలాంటి చట్టాన్నే సుప్రీంకోర్టు 7-2 తేడాతో తోసిపుచ్చింది. ప్రభుత్వ బడి ఒక మతాన్ని వెనకేసుకు రాకూడదన్నదే రాజ్యాంగపరంగా అన్నిచోట్లా అసలు అంశం.

తర్వాత ‘ఇంటెలిజెంట్ డిజైన్’ వచ్చింది. ఇందులో దేవుడి పేరు ఉండదు, పేలీ వాదన మాత్రం కణాల స్థాయిలో మళ్లీ వినిపిస్తుంది. పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూలు బోర్డు దీన్ని తరగతిలో ప్రస్తావించాలని తీర్మానించడంతో తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. బోర్డు సిఫారసు చేసిన పుస్తకం పాత ముసాయిదాలు అక్కడ బయటపడ్డాయి. 1987 తీర్పు ముందు ‘సృష్టి’ అని ఉన్నచోట, తర్వాతి ప్రతుల్లో ‘డిజైన్’ అని మార్చారు. తొందరలో ఒకచోట పాత మాట తోకా తలా మిగిలిపోయి కొత్త మాట మధ్యలో ఇరుక్కుంది. పరిణామం వైపు మొదటి సాక్షి కెన్నెత్ మిల్లర్, కాథలిక్ విశ్వాసి. చింపాంజీ, గొరిల్లా లాంటి తోకలేని పెద్ద కోతులకు 24 జతల క్రోమోజోములుంటే మనిషికి 23 ఎందుకున్నాయి? వాటికున్న రెండు విడి క్రోమోజోములు మనలో అతుక్కుని రెండో నంబరు క్రోమోజోముగా మారాయని, అతుకు ఆనవాళ్లు డీఎన్ఏలో ఇప్పటికీ ఉన్నాయని ఆయన చూపించారు. 2005 డిసెంబరు 20న జడ్జి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పులో ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదన్నారు. ఆయన్ను నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్. తీర్పుకు ముందే ఆ ఊరి ఓటర్లు బోర్డు సభ్యులను ఇంటికి పంపేశారు. లాయర్ల ఫీజుల కింద స్కూలు జిల్లాకు పది లక్షల డాలర్లకు పైగా పడింది.

మిగతా ప్రపంచం సంగతి ఒకే తీరుగా లేదు. పరిణామం కేవలం ఊహాగానం కాదని, అంతకు మించినదని 1996లో పోప్ జాన్ పాల్ 2 ప్రకటించారు, ఆత్మ విషయం మాత్రం వేరుగా ఉంచారు. టర్కీ 2017లో హైస్కూలు సిలబస్ నుంచి పరిణామ పాఠాన్ని తీసేయాలని నిర్ణయించింది. గాలప్ సర్వేల్లో దేవుడు మనిషిని ఇప్పుడున్న రూపంలోనే సృష్టించాడన్న అమెరికన్లు 1982లో 44 శాతం, 2024లో 37 శాతం. నలభై ఏళ్ల తీర్పులు, తవ్వకాలు, జన్యుపటాలు అన్నీ కలిసి కదిలించింది అంతే.

చట్టసభల్లో పని ఆగలేదు. టెనెసీ 2012లో పరిణామం లాంటి అంశాల్లో బలాలూ బలహీనతలూ చర్చించే టీచర్లకు రక్షణ కల్పించింది. వెస్ట్ వర్జీనియాలో 2024లో విశ్వం, జీవం ఎలా వచ్చాయన్న శాస్త్రీయ సిద్ధాంతాలను టీచర్లు చర్చించవచ్చని చట్టం చేశారు. మొదట ప్రవేశపెట్టిన బిల్లులో ఇంటెలిజెంట్ డిజైన్ అన్న మాట ఉంది. గవర్నర్ సంతకం దాకా వచ్చేసరికి దాన్ని తీసేశారు.