కిడ్నీ మార్పిడి జరిగినవారికి పడిశం పట్టినప్పుడు

పడిశం పది రోగాల పెట్టు అన్న మాట కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి విషయంలో అక్షరసత్యం. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు కుటుంబాలలో అటువంటివారికి ఆపరేషన్ చేసిన ఆసుపత్రి విశాఖపట్నంలోనో, ఇంకా దూరంలోనో ఉండవచ్చు. దగ్గు మొదలైన రాత్రి అందుబాటులో ఉండేది మాత్రం వీధి చివరి మందుల షాపు.

కొత్త అవయవాన్ని శరీరం పరాయిదిగా భావించి తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులు టి-కణాలు అనే రోగనిరోధక కణాలను అదుపులో ఉంచుతాయి. వైరస్ సోకిన కణాలను వెతికి చంపవలసినవి కూడా ఆ టి-కణాలే. అందువల్ల ఇతరులలో వారంలో తగ్గే ఫ్లూ వీరిలో వారాల తరబడి నిలిచి, న్యుమోనియాగా మారవచ్చు. జ్వరం రావడం కూడా రోగనిరోధక వ్యవస్థ స్పందనే కనుక, వీరిలో అది అసలు కనిపించకపోవచ్చు. జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు.

ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. మామూలువారిలో 48 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. మార్పిడి రోగులకు ఆ గడువు దాటినా ఇస్తారు, మోతాదును కిడ్నీ పనితీరును బట్టి సవరిస్తారు. జలుబు తెచ్చే రైనోవైరస్‌కు ఇప్పటికీ ప్రత్యేకమైన మందు లేదు.

కోవిడ్ దగ్గర చిక్కు మరొకటి. కోవిడ్ మాత్ర నిర్మాట్రెల్విర్‌తో కలిపి ఇచ్చే రిటోనావిర్, పేగులలోను కాలేయంలోను టాక్రోలిమస్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. రోజూ వేసుకునే మోతాదే అప్పుడు రక్తంలో పేరుకుపోయి, చేతులు వణకడంతో మొదలై, ఎంతో కష్టం మీద దక్కిన కిడ్నీనే దెబ్బతీయగలదు. అందుకే వైద్యులు తరచుగా రెమ్డెసివిర్ ఇంజెక్షన్ వైపు మొగ్గుతారు. క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా టాక్రోలిమస్‌ను ఇలాగే పెంచుతుంది, పైగా వైరస్‌ను అది ఏమీ చేయలేదు. ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీకి రక్తప్రసరణను తగ్గిస్తాయి. అవసరమైతే తగిన మోతాదులో పారాసిటమాల్ మేలు. నా ఉద్దేశంలో మన సరిహద్దు ఊళ్లలో వైరస్ ఎంత ప్రమాదకరమో, తెలియక వేసుకునే ఈ మాత్రలూ అంతే ప్రమాదకరం.

భయపడి మార్పిడి మందులను సొంతంగా మానేయడం అంతకన్నా కీడు. మైకోఫెనోలేట్‌ను కొన్నాళ్లు తగ్గించాలా అన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఏటా నిర్జీవ ఫ్లూ టీకా రోగితోపాటు ఇంట్లోవారూ వేయించుకోవాలి. ముక్కులో చల్లే సజీవ టీకా రోగికి పనికిరాదు.

వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, చివరిసారి చూసిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), రక్తంలో టాక్రోలిమస్ స్థాయి, మార్పిడి చేసిన వైద్యుని ఫోన్ నంబరు ఒకే కాగితం మీద ఇంగ్లీషులో రాసి పర్సులో ఉంచుకుంటే, అర్ధరాత్రి బరంపురం ఆసుపత్రిలో తెలుగు రాని డాక్టరు కూడా దానిని చూసి వెంటనే వైద్యం మొదలుపెట్టగలరు.