పాత రేకులు పగలగొట్టకండి, విప్పండి

మొన్న మా వీధి చివరున్న పాత రైస్ మిల్లు కొట్టేశారు. నలుగురు కుర్రాళ్లు పైకెక్కి గునపాలతో రేకుల్ని ఒక్కోటి పొడిచి కిందకి తోసేస్తున్నారు, అవి కింద పడి టప్పున పేలడం, తెల్లటి దుమ్ము లేచి టీ బడ్డీ దాకా రావడం, మేమంతా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని టీ తాగెయ్యడం. సాయంత్రానికి పిల్లలు ఆ ముక్కలు ఏరుకుని తొక్కుడుబిళ్లకి బిళ్లలు చేసేశారు, గుండ్రంగా రావాలని రోడ్డు మీద అరగదీసి మరీ.

సిమెంటు రేకు అంటాం గానీ పాతవాటిలో నూటికి ఎనిమిది, పది వంతులు ఆస్‌బెస్టాస్ ఉంటుంది, తెలుగులో రాతినార. భలే పేరు, ఎందుకంటే అది రాయే, కానీ గోగునారలా పోగులుగా వస్తుంది. ఒకప్పుడు మన పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో కూడా తవ్వారు. గోగునారని చీలిస్తే ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఇది మాత్రం నిలువునా చీలుతూనే పోతుంది, చివరికి వెంట్రుక కంటే వందల రెట్లు సన్నబడి కంటికి కనపడదు, గంటల తరబడి గాల్లో తేలుతుంది. రేకు బాగున్నంతకాలం సిమెంటు దాన్ని పట్టుకునే ఉంటుంది కాబట్టి పగుళ్లు లేని రేకు కింద పడుకున్నందుకు కంగారేం అక్కర్లేదు. పగలగొట్టినా, కోసినా, చిల్లు పెట్టినా అప్పుడొస్తుంది తంటా.

ఊపిరితిత్తుల్లో దుమ్ముని మింగేసే కణాలుంటాయి. మామూలు దుమ్మైతే సరే, ఈ పొడుగు పోగుని మింగబోతే సగం లోపల, సగం బయట. కణం చస్తుంది గానీ పోగు కరగదు, అక్కడే ఏళ్లకేళ్లు వాపు, మచ్చ. ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే ఆస్‌బెస్టోసిస్, లంగ్ క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకొచ్చే క్యాన్సర్ మెసోథీలియోమా ఇవన్నీ బయటపడ్డానికి ఇరవై, నలభై ఏళ్లు కూడా పడుతుంది. మేస్త్రికి ఈ మాటే చెబితే "పదిహేనేళ్ల నించి చేస్తన్నాం బాబూ, ఏం కాలేదు" అన్నాడు. అబద్ధం కాదు, ఇంకా టైం అవ్వలేదంతే. సిగరెట్టు కూడా ఉంటే లంగ్ క్యాన్సర్ రిస్కు ఇంకా చాలా పెరుగుతుంది.

మరి ఎలా తియ్యాలి? ముందు క్యాన్సర్ సంగతి పక్కన పెట్టండి, రేకుల పనిలో అప్పటికప్పుడు ప్రాణం తీసేది పడిపోవడం. పాత రేకు మనిషి బరువు ఆగదు, కాబట్టి దాని మీద కాలే పెట్టకుండా పరంజా కట్టుకుని పని చెయ్యాలి. తర్వాత నీళ్లు. మందు కొట్టే పంపు లాంటిది, కొత్తది, తీసుకుని నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి రేకుని నెమ్మదిగా తడపాలి. ఉత్త నీళ్లైతే బొట్లు బొట్లుగా జారిపోతాయి, సబ్బు కలిస్తే పగుళ్లలోకి ఇంకుతాయి, తడిసిన పోగు బరువెక్కి లేవదు. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, అది పైపొరని చెక్కేసి నలుదిక్కులా చిమ్ముతుంది. హుక్కుల నట్లు తుప్పు పట్టి తిరగవు, అక్కడే అందరికీ విసుగొచ్చి సుత్తి తీస్తారు. నూనె వేసి విప్పండి, కాదంటే బోల్టునే కొయ్యండి, రేకుని కాదు. పది అడుగుల రేకు నలభై కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు పట్టుకుని దించాలి, కింద పరిచిన మందపాటి పాలిథిన్‌లో చుట్టి టేపు వెయ్యాలి.

మొహానికి తువ్వాలు చుట్టుకుంటే పని జరగదు, సర్జికల్ మాస్కూ అంతే. సన్నటి దుమ్ముని కూడా ఆపే పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు కావాలి, అదీ గడ్డం ఉంటే పక్కల్నించి గాలి దూరిపోతుంది. పనయ్యాక చీపురు పట్టకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా పారెయ్యాలి. ఆ బట్టలతో ఇంటికెళ్లడం అస్సలు వద్దు, రాతినార ఫ్యాక్టరీల్లో చేసిన భర్తల బట్టలు ఉతికినందుకే మెసోథీలియోమా వచ్చిన ఆడవాళ్లున్నారు.

రేకు నయం, ఇనప చట్రానికి మంట అంటకుండా స్ప్రే చేసిన రాతినారైతే చేత్తో గీకితేనే రాలుతుంది. బ్రస్సెల్స్‌లో యూరోపియన్ కమిషన్ బిల్డింగ్ బెర్లెమాంట్‌ని దీని కోసమే 1991లో ఖాళీ చేయించారు, తిరిగి తెరిచింది 2004లో. అలాంటి చోట గది మొత్తాన్ని పాలిథిన్‌తో మూసేసి, లోపలి గాలిని ఫిల్టర్‌లోంచి బయటకి లాగే ఫ్యాన్లు పెడతారు, అప్పుడు ఎక్కడైనా చిరిగినా బయటిగాలి లోపలికి పోతుంది తప్ప లోపలిది బయటకి రాదు. పనివాళ్లు స్నానం గది దాటితే గానీ బయటకి రాకూడదు.

మన దగ్గర ఇంత హంగామా ఎవరు చేస్తారు అంటారేమో. నిజమే, హుద్‌హుద్ లాంటి తుఫానొస్తే ముక్కలు వీధంతా ఉంటాయి, మామూలు రోజుల్లో కోతులు గెంతి విరగ్గొట్టేవి ఎలాగూ ఉన్నాయి. కానీ నీళ్లకీ స్పానర్‌కీ పెద్ద ఖర్చేం లేదు కదా. మిల్లు దగ్గర మిగిలిన ముక్కల మీద నేనూ పక్కింటాయనా బకెట్టు నీళ్లు చల్లి, ఏరి, రెండేసి కవర్లలో కట్టాం. బిళ్లలు మాత్రం పిల్లలు "ఇవ్వం" అన్నారు, టైల్స్ షాపు నించి ముక్కలు తెచ్చిస్తే అప్పుడు మార్చుకున్నారు.