పాత బోర్డు, కొత్త ప్రాసెసర్, మధ్యలో బయోస్: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో నాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. కాస్త దూరం పోతే పాతపట్నం, అంటే ఆంధ్రా. కస్టమర్లలో సగంమంది ఒడియాలో తిడతారు, సగంమంది తెలుగులో. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేశాక రెండు భాషల్లోనూ ఒకటే కేసు ఎక్కువైంది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఇంటెల్ 8వ తరం నుంచి, ఏఎండీ కంపెనీ రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉన్నాయి. అంతకన్నా పాతది ఉన్నవాళ్లు మదర్‌బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. బిగిస్తున్నారు. ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు.

పెళ్లి శుభలేఖలు రెండు భాషల్లోనూ వేసే డీటీపీ మాస్టారు ఒకాయన అలాగే వచ్చారు. ఏ320 బోర్డు, అందులో రైజెన్ 3 1200. కొత్తగా కొన్నది రైజెన్ 5 5500. "ఏటి బాబూ, డెడ్ పీసు అంటగట్టీసినాడు నాకు" అన్నారు బల్లమీద డబ్బా పెడుతూ. పీసు బంగారంలా ఉంది. లోపం ఆయన నమ్మకంలో ఉంది. ఆ నమ్మకాలే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: సాకెట్‌లో కూర్చుంటే పనిచేస్తుంది.

కూర్చోవడం వేరు, బోర్డు దాన్ని గుర్తుపట్టడం వేరు. కంప్యూటర్ ఆన్ చేయగానే స్క్రీన్ మీద అక్షరం పడకముందే బయోస్, అంటే బోర్డు మీది చిప్పులో ఉండే మొట్టమొదటి ప్రోగ్రాం, ప్రాసెసర్‌ను పలకరించి, ర్యామ్‌ను సిద్ధం చేయాలి. ప్రాసెసర్ తరానికో రకంగా పలకరించాలి. ఆ కోడ్ బయోస్ ఫైల్లోనే ఉంటుంది. ఏఎండీ దాన్ని అజీసా అనే పేరుతో బోర్డు కంపెనీలకు ఇస్తుంది, వాళ్లు తమ బయోస్‌లో కలుపుతారు. 2017లో తయారైన బోర్డుకు 2022లో పుట్టిన 5500 ఎవరో తెలియదు. తెలియనప్పుడు ఎర్రర్ మెసేజి కూడా చూపించలేదు, ఎందుకంటే డిస్‌ప్లే దాకా రానేలేదు. అందుకే మంచి ప్రాసెసర్ కూడా చచ్చినదానిలా కనిపిస్తుంది.

ఈ రైజెన్‌లు కూర్చునే సాకెట్ పేరు ఏఎం4. అదృష్టం ఏంటంటే అది చాలా ఏళ్లు మారలేదు. మాస్టారి ఏ320లాంటి 300 సిరీస్ బోర్డులకు రైజెన్ 5000 ఇవ్వనని ముందు భీష్మించుకున్న ఏఎండీ కూడా 2022లో దిగొచ్చింది. ఇంటెల్‌లో ఇంత దయ లేదు. 1151 సాకెట్ పేరు చూసి హెచ్110 బోర్డుకు 8వ తరం ఐ5 కొన్నవాళ్లు నాకు తెలుసు. పిన్నుల లెక్క అదే, కానీ వాటి వైరింగు వేరు. 8, 9 తరాలకు ఇంటెల్ 300 సిరీస్ బోర్డే కావాలి. కంపెనీ ఇచ్చే ఏ బయోసూ అక్కడ పనికిరాదు. 1200 సాకెట్‌లోనూ మామూలు హెచ్410, బి460 బోర్డులు 10వ తరంతోనే ఆగిపోతాయి, 11వ తరం ఎక్కదు. 1700 సాకెట్ నయం. 600 సిరీస్ బోర్డు బయోస్ అప్‌డేట్ చేస్తే 13, 14 తరాలు నడుస్తాయి.

కాబట్టి కొనేముందు బోర్డు కంపెనీ సైట్లో ఆ మోడల్ పేజీలో ‘సీపీయూ సపోర్ట్’ జాబితా తెరవండి. ప్రతి ప్రాసెసర్ పక్కనా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. ప్రాసెసర్ పేరు అక్కడ లేకపోతే యూట్యూబ్‌లో ఎవరు ఒట్టేసినా కొనకండి.

అపోహ: కొత్త ప్రాసెసర్ పెట్టాకే అప్‌డేట్ చేయాలి.

తలకిందులు. పాత ప్రాసెసర్ మీదే అప్‌డేట్ చేసి, మళ్లీ ఒకసారి ఆన్ చేసి వెర్షన్ మారిందని కళ్లతో చూసుకుని, ఆ తర్వాతే విప్పాలి. పాతది ముందే అమ్మేసుకుంటే రెండు దారులు. కొన్ని బోర్డులకు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది (గిగాబైట్ వాళ్లు క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటారు). ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే, పవర్ వైర్లు పెట్టి, గుర్తువేసిన యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ గుచ్చి బటన్ నొక్కితే లైటు మిణుకుమిణుకుమంటూ అదే రాసుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలి, ఫైలు పేరు బోర్డు కోరినట్టే ఉండాలి. నాకు తగిలిన ఫ్లాష్‌బ్యాక్ ఫెయిల్యూర్లలో ఎక్కువ ఈ రెండిటి దగ్గరే. 32 జీబీ లోపు పాత పెన్‌డ్రైవ్ అయితే గొడవ తక్కువ.

రెండో దారి, ఎవరి దగ్గరైనా పాత ప్రాసెసర్ అరువు తెచ్చుకోవడం. ఏఎండీ కూడా ఒకప్పుడు ఇలాంటి బూట్ కిట్లు అరువిచ్చేది. డీటీపీ మాస్టారి 1200ని నేనే కొనేసుకున్నా. ఇప్పుడు అది నా డ్రాయరులో అగ్గిపెట్టెలో ఉంటుంది. ఏఎం4లో 300, 400 సిరీస్ బోర్డు ఏది వచ్చినా అదే దిక్కు.

విప్పేటప్పుడు ఇంకో మాట. ఏఎం4 ప్రాసెసర్‌కు పిన్నులు కింద ఉంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పేస్టు ఎండిపోయి ఉన్నప్పుడు కూలర్‌ను నిట్టనిలువుగా లాగితే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ దానికే అంటుకుని ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు కంప్యూటర్ నడిపి, ఆపి, వేడి మీదే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

అపోహ: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు తుక్కే.

భయం ఉత్తది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మా జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. మామూలు రోజుల్లోనూ మబ్బు పడితే చాలు, ‘పోనాది’ అంటాం. చెరిపి రాస్తున్న క్షణంలో కరెంటు పోతే బోర్డు లేవదు, నిజమే. కానీ ఆ మొత్తం పని కొద్ది నిమిషాలే. యూపీఎస్ పెట్టండి. అంతకుముందు ఆ యూపీఎస్ ప్లగ్గు పీకి అది నిజంగా పది నిమిషాలు ఆగుతుందో లేదో చూడండి. మా ఊళ్లో సగం యూపీఎస్‌ల బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి, కేకేయడానికి మాత్రమే మిగిలాయి.

పోయినా బోర్డు తుక్కు కాదు. చెడింది ఒక చిన్న చిప్పులోని రాత. ఫ్లాష్‌బ్యాక్ ఉంటే మళ్లీ రాయొచ్చు. లేకపోతే మాలాంటివాళ్ల దగ్గర సీహెచ్341ఏ అనే ప్రోగ్రామర్ ఉంటుంది, అంటే చిప్పులోకి నేరుగా రాసే చిన్న పరికరం, దానికో క్లిప్పు. పవర్ తీసి, బోర్డు మీది సీమాస్ బ్యాటరీ (గుండ్రటి బిళ్ల) తీసి, ఎనిమిది కాళ్ల చిప్పు మీద చుక్క ఎటుందో భూతద్దంతో చూసి, క్లిప్పులో ఎర్ర వైరు ఆ చుక్క వైపు వచ్చేలా గట్టిగా కరిపించాలి. లాప్‌టాప్‌లో చిప్పు పేరు కనిపించిందంటే పట్టు దొరికినట్టు. ముందు చదవాలి. రెండుసార్లు చదివి రెండూ ఒక్కటేనా అని పోల్చాలి, ఆ కాపీ దాచాలి. ఆ తర్వాతే చెరపడం, రాయడం, సరిచూడడం.

చదవకుండా రాసేవాళ్లున్నారు, వాళ్లతోనే నా పేచీ. చాలా బోర్డుల్లో నెట్‌వర్క్ మ్యాక్ అడ్రసు, సీరియల్ నంబరు, బ్రాండెడ్ పెట్టెల్లో అయితే విండోస్ కీ కూడా ఆ చిప్పులోనే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైలు గుడ్డిగా దింపితే డిస్‌ప్లే వస్తుంది కానీ అవి పోతాయి. అసుస్ వాళ్ల క్యాప్ ఫైలైతే అసలు అలాగే రాయకూడదు. ముందున్న 2048 బైట్ల హెడర్ కత్తిరించాక 16 ఎంబీ చిప్పుకు సరిగ్గా 1,67,77,216 బైట్లు రావాలి. ఒక్క బైటు తేడా వచ్చినా ఆగిపోతాను. చిప్పు వోల్టేజీ కూడా చూడాలి. కొన్ని బోర్డులవి 3.3 వోల్టులవి, కొన్ని 1.8. చవగ్గా దొరికే నల్లబోర్డు ప్రోగ్రామర్ డేటా కాళ్లలో 5 వోల్టులు తోస్తుంది. నాది సరిచేయించుకున్నాకే వాడుతున్నా.

అపోహ: మోడల్ పేరు దాదాపు ఒకటే, ఫైలు సరిపోతుంది.

ఇక్కడ నా చెయ్యి కాలింది. షాపు పెట్టిన కొత్తలో ఒక బోర్డు వి2 అని చూసుకోకుండా మొదటి వెర్షన్ ఫైలు ప్రోగ్రామర్‌తో దింపేశాను. బయోస్‌లోనించి చేసుంటే అదే ‘ఈ ఫైలు నాది కాదు’ అని తిప్పికొట్టేది. ప్రోగ్రామర్‌కు అంత వివేకం లేదు, ఏమిస్తే అది రాస్తుంది. పాత రాత కాపీ తీసుకోలేదు. రెండు రోజులు ఆ బోర్డు ముఖం చూస్తూ కూర్చుని, సరైన ఫైలు వెతికి లేపాను గానీ మ్యాక్ అడ్రసు మాత్రం తిరిగి రాలేదు. బి450ఎం డీఎస్3హెచ్, బి450ఎం డీఎస్3హెచ్ వి2 అక్కచెల్లెళ్లలాంటి పేర్లే, బయోస్‌లు మాత్రం వేరు. గిగాబైట్ బోర్డుల మూల మీద రివిజన్ నంబరు కూడా అచ్చేసి ఉంటుంది. డబ్బా మీద కాదు, బోర్డు మీద చదవండి. మా దగ్గర డబ్బాలు మారిపోతుంటాయి.

అపోహ: సీమాస్ బ్యాటరీ తీసి పెడితే బయోస్ కొత్తదవుతుంది, లేదా పాతదానికి వెళ్తుంది.

రెండూ కాదు. సెట్టింగులు, గడియారం పోతాయంతే. వెర్షన్ ఫ్లాష్ చిప్పులో ఉంటుంది, దానికి బ్యాటరీతో పనిలేదు.

అపోహ: అప్‌డేట్ చేస్తే డేటా పోతుంది.

హార్డ్ డిస్కును బయోస్ ముట్టుకోదు. అయినా ‘పోయింది’ అని ఏడుస్తూ వచ్చేవాళ్లున్నారు, దానికి కారణముంది. అప్‌డేట్‌తో సెట్టింగులు మొదటికొస్తాయి. పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్ డిస్కు మీద విండోస్ వేసుకున్నవాళ్లకు ఆ పాత పద్ధతిని నడిపే సీఎస్ఎం అనే సెట్టింగు ఆఫ్ అయిపోతే ఆ విండోస్ కనబడదు. లోపలికెళ్లి మళ్లీ ఆన్ చేస్తే లేస్తుంది. ర్యామ్‌ను పూర్తి స్పీడులో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగు కూడా పోయి నెమ్మదిస్తుంది, అది కూడా వేసుకోవాలి.

అసలు ప్రమాదం బిట్‌లాకర్, అంటే విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. బయోస్ మారినా, ప్రాసెసర్ మారినా ఆ తాళంచెవి దాచే టీపీఎం అనే భాగంలో లెక్క చెడి, విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ ఉంటే తెరుచుకుంటుంది, లేకపోతే ఆ డేటా ఎవరూ తీయలేరు. నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ‘బిట్‌లాకర్ ఉందా? మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందా?’ అప్‌డేట్‌కు ముందు దాన్ని సస్పెండ్ చేసి, కీ కాగితం మీద రాయిస్తాను.

అపోహ: నడుస్తున్న బోర్డును ముట్టుకోకూడదు. దాని కవల: ఎప్పుడూ తాజాదే వేయాలి.

రెండూ వింటాను, రెండిట్లోనూ సగం సగం నిజముంది. కారణం లేకుండా ముట్టుకోకండి, స్పీడు పెరుగుతుందని అసలే వద్దు. కానీ ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్లు ముట్టుకోనంటే కుదరదు. అధిక వోల్టేజీ వల్ల అవి మెల్లగా పాడవుతున్నాయని తేలాక 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) సవరణలిచ్చింది, అవి బయోస్ ద్వారానే చేరతాయి. ఇంకోవైపు, 16 ఎంబీ చిప్పున్న పాత ఏఎం4 బోర్డుల్లో చోటు చాలక, కొత్త ప్రాసెసర్ల కోసం పాత ఏ-సిరీస్ ప్రాసెసర్ల సపోర్టు తీసేసిన బయోస్‌లున్నాయి. అది చదవకుండా వేస్తే ఉన్న ప్రాసెసర్ కూడా పలకదు. కొన్ని బోర్డులకు మధ్యలో ఒక మెట్టు వెర్షన్ వేశాకే పైది వేయాలి. డౌన్‌లోడ్ బటన్ పక్కన నాలుగు లైన్లుంటాయే, అవి ఇందుకే.

టెలిగ్రామ్‌లో తిరిగే బయోస్ ఫైళ్ల గురించి ఒక్క మాటే: వద్దు. పేరులేని హెచ్61 చైనా బోర్డులకు కంపెనీ సైటే ఉండదు, వాటికి నేను అప్‌డేటే చేయను.

అపోహ: మార్చాక డిస్‌ప్లే రాకపోతే పోయినట్టే.

డీటీపీ మాస్టారి బోర్డుకు పాత 1200 మీదే బయోస్ రాసి, 5500 బిగించి స్విచ్ వేశాను. నలుపు. ఫ్యాన్ ఊపందుకుంది, తగ్గింది, మళ్లీ ఊపందుకుంది. కొత్త ప్రాసెసర్‌తో ర్యామ్ లెక్కలు మొదటిసారి సరిచూసుకునేటప్పుడు ఇలా ఒకటి రెండు నిమిషాలు, కొత్త డీడీఆర్5 బోర్డుల్లో ఇంకా ఎక్కువ, పట్టొచ్చు. మాస్టారి చెయ్యి స్విచ్ వైపు వెళ్లింది, పట్టుకుని ఆపాను.

"పోనాదేటి బాబూ?"

"ఆగండి మాస్టారూ, టీ చల్లారిపోతోంది, తాగండి."

గ్లాసు సగమయ్యేలోపు నల్లటి స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు పడ్డాయి. కొత్త ప్రాసెసర్ కనబడింది, పాత టీపీఎం తాళాలు చెరపమంటారా, వై నొక్కాలా, ఎన్ నొక్కాలా అని. మాస్టారు నా ముఖం చూశారు. బిట్‌లాకర్ లేదని పొద్దున్నే చూసుకున్నాం కాబట్టి, ఆయన వేలే పట్టుకుని వై మీద నొక్కించాను.