ఐదవ బెడ్‌ఫర్డ్ డ్యూక్: చిత్తరువులూ వ్యంగ్యచిత్రాలూ

లండన్‌లోని రసెల్ స్క్వేర్‌లో ఒక చేయి నాగలి మీద ఆనించి, రెండో చేత గోధుమ వెన్నులు పట్టి నిలబడిన కంచు విగ్రహం ఐదవ బెడ్‌ఫర్డ్ డ్యూక్ ఫ్రాన్సిస్ రసెల్‌ది. 1809 నాటి ఆ విగ్రహాన్ని మలచిన శిల్పి రిచర్డ్ వెస్ట్‌మకాట్. అంతకు పదమూడేళ్ల ముందు, 1796లో, వ్యంగ్యచిత్రకారుడు జేమ్స్ గిల్‌రే ఇదే డ్యూక్‌ను బంగారు నాణేలను దుక్కిలో వెదజల్లే రైతుగా గీశాడు. ఆ విత్తుకు మొలిచింది పంట కాదు, బాకులు. పొగిడినవాడూ ఎగతాళి చేసినవాడూ ఇద్దరూ సేద్యాన్నే ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే ఆ కాలపు రాజకీయాల్లోకి వెళ్లాలి.

1765లో పుట్టిన ఫ్రాన్సిస్‌కు తాత మరణంతో 1771లో, అంటే ఐదేళ్ల వయసులోనే, డ్యూక్ బిరుదూ అపారమైన భూములూ సంక్రమించాయి. ఆయన బాల్యంలోనే చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ ఆయననూ ఆయన తమ్ముళ్లనూ, క్రైస్తవ వీర సాధువు సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను సంహరించే ఘట్టంలోని పాత్రలుగా చిత్రించాడు. కులీన కుటుంబపు బొమ్మ అంటే అప్పటికి అదే మర్యాద: వంశ గౌరవం, పురాణ వేషం, భూమి ఊసు లేకపోవడం.

పెద్దయ్యాక ఆయన ఛార్లెస్ జేమ్స్ ఫాక్స్ నాయకత్వంలో ప్రభుత్వాన్ని వ్యతిరేకించే విగ్ పక్షంలో చేరి, ఫ్రాన్స్‌తో యుద్ధాన్నీ, సభలనూ రాతలనూ కట్టడి చేసేందుకు ప్రధాని పిట్ ప్రభుత్వం 1795లో తెచ్చిన బిల్లులనూ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో ఎదిరించాడు. అదే ఏడు జుట్టుకు పౌడర్ వాడేవారిపై ఏటా ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) పన్ను పడింది. డ్యూక్, ఆయన మిత్రులు పౌడర్ మానేసి జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. ఆ తీరుకు ‘బెడ్‌ఫర్డ్ క్రాప్’ అనే పేరొచ్చింది. ఆ రోజుల్లో పొట్టి జుట్టు కేవలం సోకు కాదు, ప్రత్యర్థుల కంటికి అది ఫ్రెంచి విప్లవ చిహ్నం. 1795 నవంబరులో గిల్‌రే వేసిన చిత్రంలో ఫాక్స్ చెట్టుకు చుట్టుకున్న గిలకపాము. దాని చూపుకు లొంగి కిందికి జారుతున్న ఉడుతకు డ్యూక్ ముఖం. ఇంత ఆస్తి ఉన్నవాడు తన చేటు తానే తెచ్చుకుంటున్నాడన్నది ఆ బొమ్మలోని నింద.

ఈ నిందకు బలమైన మాటలిచ్చినవాడు ఫ్రెంచి విప్లవాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన రచయిత, రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్. తనకు ప్రభుత్వం ఇచ్చిన పింఛనును డ్యూక్ ప్రభువుల సభలో తప్పుపట్టడంతో, 1796లో బర్క్ ఒక బహిరంగ లేఖలో గట్టిగా బదులిచ్చాడు. తన పింఛను సేవకు ప్రతిఫలమనీ, రసెల్ వంశపు సిరి మాత్రం పదహారో శతాబ్దపు రాజు ఎనిమిదో హెన్రీ తన ఆశ్రితుడికి కట్టబెట్టిన దానమనీ ఎత్తిచూపి, రాజాశ్రయంలో పెరిగిన జీవులన్నిటిలోకీ ఈ డ్యూకే మహా తిమింగలమని అన్నాడు. డ్యూక్ నివాసమైన వోబర్న్ ఆబీ మునుపు సిస్టర్షియన్ సన్యాసుల మఠం. మఠాల ఆస్తులను రాజు స్వాధీనం చేసుకున్నాకే అది రసెల్‌ల చేతికి వచ్చింది. బర్క్ ఉద్దేశం విప్లవాన్ని నిందించడమే అయినా, ఆ భూమి ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. ఏ చిత్తరువూ ఆ ప్రశ్న అడగదు. అందుకే ఆ కాలాన్ని అర్థం చేసుకోవడానికి వ్యంగ్యచిత్రాలు, వాటి పక్షపాతంతో సహా, అవసరమని నా అభిప్రాయం.

అలాగని ఆయన సేద్యం ఉత్త వేషమేమీ కాదు. 1793లో ఏర్పడిన వ్యవసాయ మండలి తొలి సభ్యుల్లో ఆయన ఒకడు. 1798లో మొదలైన స్మిత్‌ఫీల్డ్ పశుపోషకుల సంఘానికి మొదటి అధ్యక్షుడు. వోబర్న్‌లో ఏటా గొర్రెల ఉన్ని కత్తిరింపు వేడుక జరిపి, దాన్ని మేలుజాతి పశువులనూ కొత్త పనిముట్లనూ పరీక్షించే ప్రదర్శనగా మార్చాడు. ఆయన మరణానంతరం, 1804 నాటి వేడుకను జార్జ్ గ్యారార్డ్ చిత్రించాడు. దాని ముద్రణ 1811లో వెలువడింది. ఆ బొమ్మ నిండా ఆనాటి భూస్వాములూ పశుపోషకులూ గుర్తుపట్టగలిగే ముఖాలతో కనిపిస్తారు. అయితే అదే కాలంలో ఉమ్మడి భూములకు కంచెలు పడి మేత హక్కులు కోల్పోయిన పేదల గోడు అటు చిత్తరువుల్లోనూ లేదు, ఇటు గిల్‌రే బొమ్మల్లోనూ లేదు.

1802 ఆరంభంలో గిల్‌రే మళ్లీ ఆయనను, ఈసారి బాగా బలిసిన ఎద్దును పరిశీలిస్తుండగా గీశాడు. ఇందులో విప్లవం ఊసు లేదు. పశువుల కొవ్వు మీద పెద్దమనుషుల మోజే ఇక్కడ హాస్యవస్తువు. ఆ మార్చి 2న, ముప్పై ఆరేళ్ల వయసులో, హెర్నియా శస్త్రచికిత్స తర్వాత డ్యూక్ మరణించాడు. ఫాక్స్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో ఆయనను శ్లాఘిస్తూ ప్రసంగించాడు. వెస్ట్‌మకాట్ విగ్రహం ఆ శ్లాఘనకు కొనసాగింపే: నాగలి, వెన్నులు, కాళ్ల దగ్గర గొర్రె. అది బెడ్‌ఫర్డ్ ప్లేస్ మీదుగా బ్లూమ్స్‌బరీ స్క్వేర్ వైపు తిరిగి ఉంటుంది. అక్కడ 1816లో అదే శిల్పి చేసిన ఫాక్స్ విగ్రహాన్ని నిలిపారు. రెండు విగ్రహాలూ ఉన్నది రసెల్ వంశపు భూమిలోనే.