అను, యూనికోడ్: ఎంతకీ తెగని పేచీ వెనక కథ

హైదరాబాద్‌లో తెలుగు పుస్తకమో, సావనీరో, సంఘం కరపత్రమో అచ్చు వేయించిన ఎవరికైనా ఈ మాటలు కొత్త కాదు.

"సార్, మీరు పంపింది యూనికోడ్. అనులో పంపండి, పేజీలు పెట్టేస్తా."

"ఇంకా అను ఏందన్నా? ప్రపంచమంతా యూనికోడ్‌లో ఉంది."

"ప్రపంచం పేజ్‌మేకర్‌లో పేజీలు పెట్టదు కద సార్."

అను అంటే అచ్చు పనికి వాడే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణం. పేజ్‌మేకర్ పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్. ఆ మాటల్లో ఒకరు చిక్కడపల్లిలోనో విద్యానగర్‌లోనో డీటీపీ సెంటర్ నడిపే ఆపరేటర్. రెండో ఆయన మాదాపూర్‌లో కోడ్ రాసే ఇంజినీరు, ఖాళీ దొరికితే కథలు రాస్తాడు. ఆపరేటర్‌ది మొండితనమని ఇంజినీరు అనుకుంటాడు. ఇంజినీరుకి అచ్చు పని తెలియదని ఆపరేటర్ అనుకుంటాడు. ఇలా అనుకోవడం ఇరవై ఏళ్లు దాటింది. పాత లెక్కలు తిరగేస్తే మాత్రం ఆపరేటర్ పక్షానే ఎక్కువ న్యాయం కనిపిస్తుంది. నేనూ ఇంజినీర్ల వైపు మనిషినే, అయినా ఈ మాట చెప్పక తప్పదు.

అను ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క కనిపించదు. తలమీద చుక్కలూ టోపీలూ పెట్టుకున్న యూరప్ అక్షరాలు, మధ్యలో పౌండు గుర్తు, భిన్నాలు, కొటేషన్లు కనిపిస్తాయి. ఫైలు పాడైందని చాలామంది కంగారుపడతారు. పాడవలేదు, లోపల ఉన్నదే అది. కంప్యూటర్ దృష్టిలో అక్కడ తెలుగు అనేదే లేదు. యూరప్ అక్షరాల సంఖ్యలున్నాయి, వాటికి తెలుగు ముక్కల బొమ్మలు తొడిగిన ఫాంటు ఉంది. ఫాంటు తీసేస్తే ముసుగు తొలగినట్టే.

ఎందుకలా చేశారంటే అప్పట్లో వేరే దారి లేదు. 8 బిట్ల ఫాంటులో ఉండేవి 256 గడులు. అందులో కంట్రోల్ గుర్తులకు కొన్ని పోగా రెండు వందల చిల్లర మిగులుతాయి. తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిపి ఒక్కో రూపానికి ఒక్కో గడి ఇవ్వాలంటే వేలు కావాలి. అందుకని అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట పెట్టి, ఆపరేటర్ కీ నొక్కగానే వెనక చిన్న ప్రోగ్రామ్ ముక్కల్ని పక్కపక్కన పేర్చేలా చేశారు. సీసం అక్షరాల రోజుల్లో కంపోజిటర్ చేతులు చేసిన పనే ఇది. ఏ ముక్క ఏ గడిలో ఉండాలన్నది ఎవరిష్టం వాళ్లది. పుణె మాడ్యులర్ ఇన్ఫోటెక్ వాళ్ల శ్రీలిపిది ఒక వరస, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన ఐఎస్ఎంది ఇంకో వరస, అనుది మరో వరస. అనులోనే ఆరో వెర్షన్ పటం వేరు, ఏడో వెర్షన్ పటం వేరు. అందుకే అనును యూనికోడ్‌లోకి మార్చే ఇవాళ్టి కన్వర్టర్లు ముందుగా "సిక్సా, సెవెనా?" అని అడుగుతాయి.

ఇదంతా ప్రమాణం అన్నదే లేక జరిగింది కాదు. ఐఐటీ కాన్పూర్‌లో 1980లలో మొదలై, తర్వాత సీడాక్‌కి చేరిన జిస్ట్ అనే పరిశోధనలోంచి భారతీయ లిపుల సంకేతాల పట్టిక ఇస్కీ వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో దాన్ని ఐఎస్ 13194గా ప్రకటించింది. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస. 'క' ఏ లిపిలోనైనా అదే గడిలో ఉంటుంది. వత్తుకి విడిగా గడి లేదు, పొల్లు పెట్టి హల్లు రాస్తే అదే వత్తవుతుంది. యూనికోడ్ మొదటి వెర్షన్ కూడా 1991లోనే వచ్చింది. ఇస్కీ 1988 నాటి రూపాన్ని పట్టుకుని తెలుగుకి 128 గడుల వాటా ఇచ్చింది. లెక్క ప్రకారం సమస్య అక్కడికి తీరిపోవాలి.

తీరలేదు. యూనికోడ్ చెప్పేది అక్షరాన్ని ఎలా నిల్వ చేయాలో. తెరమీద ఎలా గీయాలో అది చెప్పదు. ష, పొల్లు, ట, పొల్లు, ర వరసగా వస్తే ష కింద టవత్తు, దానికి రవత్తు చేర్చి 'ష్ట్ర' అని చూపించే యంత్రం ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి, అందుకు తగిన పట్టికలున్న ఫాంటూ ఉండాలి. విండోస్ 2000లో దేవనాగరికీ తమిళానికీ ఆ ఏర్పాటు వచ్చింది, తెలుగుకి రాలేదు. 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది. సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచిందీ ఆ ఏడాదే. అప్పటికి మామూలు విండోస్ పెట్టెలో ఫాంటు మాయ లేకుండా తెలుగు వాక్యం రాయడం కుదిరేది కాదు. ఊరంతా కోడ్ రాయడం నేర్చుకుంటున్న రోజులవి. పత్రికలు మాత్రం రోజూ పొద్దున్నే రావాలి, శుభలేఖలు ముహూర్తానికి ముందే అందాలి. యూనికోడ్ వచ్చేదాకా ఆగుదామని ప్రెస్సువాళ్లు కూర్చోలేదు, కూర్చోలేరు కూడా.

సరే, 2001లో వచ్చింది కదా, అప్పుడైనా మారొచ్చు కదా అంటారు మా ఇంజినీర్లు. ఇక్కడే వాళ్లకు తెలియని అసలు చిక్కుంది. పుస్తకం పేజీలు పెట్టేది వర్డ్‌లో కాదు, పేజ్‌మేకర్‌లో. 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తో అడోబి దాన్ని ఆపేసింది. దానికి యూనికోడ్ తెలియదు, తర్వాత నేర్పినవాళ్లూ లేరు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు వత్తులు సరిగ్గా కూర్చునే ఏర్పాటు సీఎస్6 వెర్షన్లో, అంటే 2012లో వచ్చింది. అది కూడా వరల్డ్ రెడీ కంపోజర్ అనే మీటను వెతికి నొక్కితేనే. ఆ మరుసటి ఏడాదే అడోబి తన సరుకును నెలనెలా అద్దె పద్ధతికి మార్చింది. రెండు కంప్యూటర్లతో నడిచే సెంటర్‌కి పాత పేజ్‌మేకర్ ఖర్చు లేకుండా పనిచేస్తోంది, కొత్తదానికి ప్రతి నెలా కట్టాలి. మీరైతే ఏం చేస్తారు?

ఫాంట్ల సంగతి ఇంకో ఇబ్బంది. గౌతమి తెరమీద చదవడానికి పనికొస్తుంది, పుస్తకంలో సన్నగా, నీరసంగా కనిపిస్తుంది. అను ప్రియాంక అచ్చులో నిండుగా ఉంటుంది, ఒక తరం పాఠకుల కళ్లు దానికే అలవాటుపడ్డాయి. కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను చేసి ఉచితంగా ఇచ్చారు. యూనికోడ్ తెలుగు చాలా ఏళ్లు ఆ రెండింటి మీదే నడిచింది. తర్వాత 2011-12 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ధూర్జటి వంటివి విడుదల చేశాయి. ఇవాళ గూగుల్ ఫాంట్లలో ఎవరైనా దించుకోవచ్చు. శీర్షికలకి బాగుంటాయి. మూడు వందల పేజీల నవలకి లోపలి పాఠంలో ఏ ఫాంటు పెట్టాలన్న చర్చ మాత్రం ఇప్పటికీ ఉంది.

అచ్చు సంగతి ఇలా ఉంటే ఇంటర్నెట్ కథ వేరు. అక్కడ తెలుగును నడిపింది మొదట అమెరికా చేరినవాళ్లు. రైస్ యూనివర్సిటీ తెలుగు విద్యార్థులు 1990ల మొదట్లో ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడానికి, పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాల తేడాలతో సహా, ఒక కట్టుబాటు ఏర్పడింది. ఇవాళ ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పిస్తున్నవాళ్లందరూ, ఎరిగినా ఎరగకపోయినా, ఆ దారిలోనే నడుస్తున్నారు. 2000లలో పత్రికల సైట్లు కూడా అను బాటే పట్టాయి. ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంటు. వార్త చదవొచ్చు, వెతికితే దొరకదు. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు వేసుకుంటే ఆ పేజీలు యూనికోడ్‌లోకి మారేవి. ఆ రోజుల్లో దాన్ని వాడినవాళ్లకి ఆ సుఖం గుర్తుండే ఉంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, తర్వాత లేఖిని అనే టైపు సాధనం, బ్లాగులు యూనికోడ్‌ని జనంలోకి తెచ్చాయి. కృష్ణకాంత్ పార్కులో కలిసే హైదరాబాద్ బ్లాగర్లు, పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంఘం స్టాల్ దగ్గర నిలబడి కంప్యూటర్లో తెలుగు వస్తుందని జనానికి చూపించినవాళ్లు చేసింది చిన్న పని కాదు. వాళ్లలో చాలామంది పగలు వేరే దేశాల కంపెనీలకి కోడ్ రాసేవాళ్లు, తెలుగు పని ఆదివారాలది. పేజ్‌మేకర్‌కి బదులు వాడదగ్గదాన్ని ఆదివారాల్లో తయారుచేయలేరు కదా.

ఇక యూనికోడ్‌లోకి వచ్చేశాక ఇంజినీర్ల బతుకు సుఖంగా ఉందా అంటే, అదీ లేదు. 'జ్ఞానేశ్వర్' అన్న పేరు తీసుకోండి. చూడ్డానికి అక్షరాలు నాలుగైదు. యూనికోడ్ లెక్కలో పదకొండు సంకేతాలు. వాటిని నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, వెరసి 33. ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు కాలమ్‌ని 30 అని పెట్టి, అది బైట్లా అక్షరాలా అని ఆలోచించకుండా వదిలేస్తే, ఇంగ్లీషు పేర్లన్నీ ఎక్కుతాయి, జ్ఞానేశ్వర్ ఎక్కడు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్ రకం తప్పు పెట్టినా, స్ట్రింగ్ ముందు 'ఎన్' మరిచినా పేరంతా ప్రశ్నార్థకాలవుతుంది. ఆ ప్రశ్నార్థకాల్లోంచి పేరు మళ్లీ తిరిగిరాదు, పోయింది పోయినట్టే. మైఎస్‌క్యూఎల్‌లో 2018లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా ఏమీ చెప్పకపోతే లాటిన్ అనే అనుకునేది. ఎస్సెమ్మెస్ ఇంగ్లీషులో 160 అక్షరాలు, తెలుగులో 70. తెలుగు పట్టిక ఉన్న సీఎస్‌వీ ఫైలుని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే ఏమవుతుందో ఆఫీసుల్లో అందరూ చూసిందే.

వీటన్నిటికన్నా చికాకు పెట్టేది కంటికి కనిపించని తేడా. 'సాఫ్ట్‌వేర్' అని ట పక్కన వ విడిగా రావాలంటే పొల్లు తర్వాత సున్నా వెడల్పు గుర్తు ఒకటి ఉండాలి. లేకపోతే వ వెళ్లి ట కింద వత్తుగా కూర్చుంటుంది. కొందరు ఆ గుర్తు పెడతారు, కొందరు పెట్టరు, కొన్ని కీబోర్డులు అడక్కుండానే పెడతాయి. కొన్నిచోట్ల ఆ గుర్తు ఉన్నా లేకపోయినా రూపం ఒకటే, ఉదాహరణకి మాట చివరి పొల్లు తర్వాత. రెండు దరఖాస్తుల్లో ఒకే పేరు ఉంటుంది, పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా తెలియదు, ప్రోగ్రామ్ మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులంటుంది. ఐత్వాన్ని కూడా ఒకే సంకేతంగానో, ఎత్వం, కింది తోక అని రెండుగానో దాచవచ్చు. యూనికోడ్ ఆ రెండూ సమానమే అంటుంది, నార్మలైజ్ చేయకుండా, అంటే ముందు ఒకే రూపంలోకి తేకుండా, పోల్చే కోడ్ అనదు. ఇలాంటి బగ్ ఒకటి నా చేతికొచ్చినప్పుడు, పేర్ల వెనకున్న సంకేతాలను హెక్స్ అంకెల్లో విప్పి చూసేదాకా మా టీమ్‌లో ఎవరూ నమ్మలేదు. అంతకుముందు తప్పంతా టైపు చేసిన అమ్మాయిదేనని తేల్చేశారు.

ఆ సున్నా వెడల్పు గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచవార్త అయింది. 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య అది ఇరుక్కున్న సందేశం వస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. అప్పుడు లోకం తెలుగు అక్షరాన్ని ఆయుధమన్నట్టు మాట్లాడింది. అక్షరానిదేం తప్పు? దాన్ని గీసే కోడ్‌ని తెలుగుతో ఎవరూ సరిగా పరీక్షించలేదు. ఆండ్రాయిడ్‌లోనైతే తెలుగు వచ్చిందే 2012లో 4.1 వెర్షన్‌తో. ఇప్పటికీ ఇంగ్లీషు ఎత్తుకి కొలిచి గీసిన బటన్లలో 'రాష్ట్రం' వత్తులు తెగిపోతుంటాయి. డిజైనర్ని అడిగితే నా ఫైల్లో బాగానే ఉంది అంటారు. అందులో ఉన్న మాట ఇంగ్లీషు 'సబ్మిట్' కదా మరి.

కీబోర్డుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికని ప్రమాణం చేసింది. డీటీపీవాళ్లు ఆపిల్ లేదా మాడ్యులర్ అనే వేరే అమరికలో వేళ్లు తీర్చుకున్నారు. మిగతా జనం ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు, విండోస్ 10 కూడా 2019లో ఫొనెటిక్‌ని చేర్చుకుని వాళ్ల దారికి వచ్చింది. ఆపిల్ అమరికలో పుస్తకాలకు పుస్తకాలు కొట్టిన మనిషిని యూనికోడ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనడం దండగ. ఆ అమరికలోనే యూనికోడ్ కొట్టే సాధనాలు ఇప్పుడున్నాయి, వాటిని వెళ్లి చూపిస్తే చాలు.

ఇవాళ మిగిలిన అసలు బరువు పాత ఫైళ్లది. రెండు, మూడు దశాబ్దాల తెలుగు పుస్తకాలు పేజ్‌మేకర్ ఫైళ్లుగా సీడీల్లో, పాత హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. పీడీఎఫ్ ఉంటే కాపీ చేసినా వచ్చేది ఆ యూరప్ అక్షరాలే. అందుకని జనం ఇప్పుడు ఆ పేజీని ఫొటో తీసి, గూగుల్ లెన్స్‌తో చదివించి యూనికోడ్ తెచ్చుకుంటున్నారు. కంప్యూటర్లోనే టైపు చేసినదాన్ని కంప్యూటర్ మళ్లీ కళ్లతో చూసి చదవాల్సి రావడం విచిత్రమే, కానీ చాలాసార్లు కన్వర్టర్ కన్నా అదే నయం. కన్వర్టర్లో వత్తులు పక్క అక్షరానికి దూకుతాయి, లెన్స్‌లో అరుదైన మాటలు మారిపోతాయి. ఏ దారిలో వెళ్లినా చివర్లో ప్రూఫు చూసే మనిషి కావాలి. పాత పుస్తకం మళ్లీ వేద్దామనుకునే ప్రచురణకర్త మొదట వేసే లెక్క ఇదే. మార్చి దిద్దించడానికి ఎంత, మొత్తం మళ్లీ కొట్టించడానికి ఎంత. రెండోది చవకగా తేలితే ఫైలు చేతిలో ఉన్నా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేయిస్తున్నారు. ఈసారి ఏ ఎన్‌కోడింగ్‌లో కొట్టాలో చాలామంది ఇప్పటికీ ఆపరేటర్‌కే వదిలేస్తున్నారు.