పాడిందెవరో ప్లేటునే అడగండి

బ్రాడీపేట, గుంటూరు.

చిన్నీకి, బుజ్జికి, వాళ్ళతో పాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు బుజ్జి ఒక మాట అడిగాడు. "పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి కదా తాతయ్యా, ఇంత బరువు గ్రామఫోను ప్లేట్లు ఎందుకు దాచావు?" అని. మీ నానమ్మ ఆ ప్రశ్నకి తెగ సంబరపడింది. బీరువాలో సగం తన చీరలకి రావాల్సిందని ఆవిడ ఎప్పటినుంచో అంటూనే ఉంది. ఈలోపు భోజనాలకి పిలుపు వచ్చింది, నా జవాబు గాలికి పోయింది. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

ఫోన్లో పాట దొరుకుతుంది, నిజమే. పాడిందెవరు, ఏ ఏడు పాడారు, సరైన వేగంలో వస్తోందా, మధ్యలో ఎక్కడైనా కోసేశారా అన్నవి మాత్రం చాలాసార్లు దొరకవు. కావాలంటే "బావా ఎప్పుడు వచ్చితీవు" అని కొట్టి చూడండి. తిరుపతి వేంకట కవుల పద్యం అది, కృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరించేది. బోలెడన్ని వస్తాయి. కింద పేరు ఒకరిది, గొంతు ఇంకొకరిది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు ఇద్దరూ కృష్ణుడి వేషానికి పేరు మోసినవాళ్ళే. ఇద్దరి గొంతూ ఎరిగిన నా బోటివాడు సరే, మొదటిసారి వింటున్న మీకు ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? ప్లేటు దగ్గర ఈ చిక్కు లేదు. పేరు, కంపెనీ, నంబరు నడిమధ్యన అచ్చేసి ఉంటాయి.

కొన్ని ప్లేట్లయితే నోటితోనే చెప్పేస్తాయి. 1902 చివర్లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన రికార్డింగ్ సామానంతా ఓడలో వేసుకుని కలకత్తా దిగాడు. గ్రామఫోను కంపెనీ మనిషి. అక్కడ గౌహర్ జాన్ అనే గాయని చేత పాడించాడు. పాట చివర ఆవిడ "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో గట్టిగా అంటుంది. అది దర్జా కోసం అన్న మాట కాదు. అప్పట్లో మన దేశంలో ప్లేట్లు తయారుచేసే కార్ఖానా లేదు. అచ్చులు జర్మనీలోని హానోవర్ వెళ్ళేవి. అక్కడి పనివాళ్ళకి మన భాష ఒక్క ముక్క రాదు. ఏ పాట ఎవరిదో తేల్చుకోవడానికి ఆ కేక వాళ్ళకి ఆనవాలు. కలకత్తాలో కార్ఖానా 1908లో వచ్చింది.

ఇదే గైస్‌బర్గ్ 1902 ఏప్రిల్‌లో ఇటలీలో మిలాన్‌లో ఉన్నాడు. హోటల్ గదిలో ఎన్రికో కరుసో అనే కుర్ర ఆపెరా గాయకుడి చేత పది పాటలు పాడించాడు. కరుసో నూరు పౌన్లు అడిగితే లండన్ ఆఫీసు వద్దందనీ, ఈయన వినిపించుకోలేదనీ చెబుతారు. ఆపెరా అంటే ఏమిటని మీరు అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మన పద్య నాటకానికి దగ్గరి చుట్టం. కథ ఉంటుంది, వేషాలుంటాయి, కింద వాద్యాలు మోగుతుంటాయి, మాటల్లో చాలా భాగం పాటగానే నడుస్తుంది. కథ ఒకచోట ఆగి పాత్ర తన గోడు వెళ్ళబోసుకునే పాటని అరియా అంటారు. హరిశ్చంద్రుడు కాటి సీనులో ఎత్తుకునే పద్యం లాంటిదే అనుకోండి.

తేడా ఒకటుంది. మన దగ్గర పద్యం బాగుంటే "వన్స్ మోర్" అని జనం అరుస్తారు, నటుడు చచ్చినట్టు మళ్ళీ పాడతాడు. చచ్చిపడి ఉన్న పాత్ర లేచి పాడిన సందర్భాలు కూడా మా పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మిలాన్‌లోని లా స్కాలా అనే ఆపెరా నాటకశాలలో అలా కుదరదు. అక్కడ మళ్ళీ పాడటం ఎంత అరుదంటే, 2007లో హువాన్ డియేగో ఫ్లోరెస్ అనే గాయకుడు ఒక అరియా రెండోసారి పాడితే, 1933 తరవాత ఇదే మొదలని పేపర్లు రాశాయి. మన బెజవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఆ లెక్కలు పెట్టుకుంటే నోట్‌బుక్కులు చాలవు.

కరుసో దగ్గరికి వస్తాను. ఆయనకి బాగా పేరు తెచ్చిన అరియా "వెస్తీ లా జుబ్బా". లియోన్కవాల్లో అనే ఆయన రాసిన ఆపెరాలోది. పెళ్ళాం మోసం చేసిందని అప్పుడే తెలిసిన విదూషకుడు, జనాన్ని నవ్వించడానికి ముఖానికి రంగు పూసుకుంటూ పాడతాడు. దీన్ని కరుసో 1902లో ఒకసారి, 1904లో ఒకసారి, 1907లో ఒకసారి రికార్డు చేశాడు. మొదటి రెండింట్లో తోడు పియానో ఒక్కటే. మూడోదానిలో ఆర్కెస్ట్రా ఉంటుంది. 1925 దాకా రికార్డింగుకి మైకు లేదు పిల్లలూ. పెద్ద గరాటా ముందు నిలబడి పాడితే ఆ గాలి దెబ్బకే ముల్లు కదిలి మైనం మీద గీత గీసేది. ఆ గరాటాలోకి ఆర్కెస్ట్రా అంతా సరిగ్గా దూరేది కాదు. 1907 ప్లేటులో గొంతు ఇంకా ముదిరి, ఏడుపు ఇంకా లోతుగా వినిపిస్తుంది. నాకు మాత్రం 1904ది ఇష్టం. ఏడుపుని కాస్త దాచుకుంటాడు అందులో. మూడూ వరసగా విని మీరు నాతో పోట్లాడవచ్చు. ఏది ఏ ఏడుదో తెలియకుండా ఈ పోట్లాటే లేదు, అర్థమైందా?

ఇక ప్లేటు సంగతి. చేత్తో పట్టుకుంటే పింగాణీలా ఉంటుంది కదా, అది లక్క. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్కే. దాన్లో రాతిపొడి, నల్లరంగు మసి కలిపి వేడిగా అచ్చు వేస్తారు. ప్రపంచం మొత్తానికి ఆ లక్కలో పెద్ద వాటా మన దేశం నుంచే వెళ్ళేది. రాతిపొడి ఎందుకంటే, ఉక్కు ముల్లుని అరగదీసి గాడికి సరిపోయేలా చెయ్యడానికి. అందుకే ఒక వైపు వాయించగానే ముల్లు మార్చాలి. పీనాసితనానికి పోయి పాత ముల్లుతోనే నెట్టుకొచ్చిన ప్లేట్లు చూడగానే తెలిసిపోతాయి. గాళ్ళు బూడిదరంగుకి తిరిగి ఉంటాయి. పెళ్ళిళ్ళకి వాయించే మైకు సెట్ల వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన సరుకు ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. స్టేజీ మీద రాగం తీస్తే ఆ రాగానికే అంత టైము పట్టేది. రికార్డింగుకి వచ్చేసరికి నటులు రాగాన్ని కత్తిరించి నేరుగా పద్యంలోకి దిగేవాళ్ళు. కాబట్టి ప్లేటు విని "పాతకాలం వాళ్ళు ఇంతే పాడేవాళ్ళు" అనుకోకండి. ఇదే కష్టం ఆపెరాకీ ఉంది. 1907లో లియోన్కవాల్లో స్వయంగా దగ్గరుండి తన ఆపెరా మొత్తం రికార్డు చేయించాడు. దాన్ని వినాలంటే ప్లేటు తర్వాత ప్లేటు తిప్పుతూ కూర్చోవాలి. 1948లో అమెరికాలో ఎల్పీ, అంటే ఎక్కువసేపు మోగే ప్లేటు, వచ్చాక ఆ తిప్పుడు తగ్గింది. మన బెజవాడ రేడియో స్టేషన్ మొదలైంది కూడా ఆ ఏడే, డిసెంబరు 1న.

వేగం గురించి ఒక ముచ్చట. 78 అంటే ప్లేటు నిమిషానికి తిరిగే చుట్లు. 78 అని రాసి ఉన్నవన్నీ 78 కావు. తొలినాళ్ళ ప్లేట్లు కొన్ని 70 దగ్గర, కొన్ని 80 దగ్గర తిరగాలి. తప్పు వేగంలో కాపీ చేసి ఎక్కించేస్తే కరుసో ముక్కుతో పాడుతున్నట్టు ఉంటాడు. "ఆ రోజుల్లో అలాగే పాడేవారట" అని కింద కామెంట్లు! పాప్ సంగీతంలోనూ ఈ గొడవ ఉంది. బీటిల్స్ అనే ఇంగ్లండు పాటల జట్టు 1967లో చేసిన "షీ ఈజ్ లీవింగ్ హోమ్" మోనోలో, అంటే శబ్దమంతా ఒకే దారిలో వచ్చేదానిలో, ఒక శ్రుతిలో ఉంటుంది. స్టీరియోలో, అంటే రెండు దారుల్లో వచ్చేదానిలో, అరమెట్టు కిందగా ఉంటుంది. స్టీరియోలో పాట కాస్త ఈడ్చినట్టు నడుస్తుంది. రెండూ అసలు సరుకే. ఆ కుర్రాళ్ళు దగ్గరుండి చూసుకున్నది మోనోని. స్టీరియో అప్పటికి వాళ్ళకి అంత పట్టలేదు.

బీటిల్స్ పేరు చెబితే చిన్నీ కళ్ళు మెరుస్తాయని తెలుసు, అందుకే ఇది. పైదేశాల్లో 78 ప్లేట్లు దాదాపు ఆగిపోయాక కూడా మన దేశంలో వస్తూనే ఉన్నాయి. కరెంటు లేని ఇళ్ళలో కీ ఇచ్చి తిప్పే పెట్టెలే కదా దిక్కు. అందుచేత బీటిల్స్ పాటలు 1960ల నడుమ కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 78 ప్లేట్లుగా అచ్చయ్యాయి. ఇవాళ ఇంగ్లండు వాళ్ళు వాటికోసం ఎగబడుతున్నారు. నా దగ్గర ఒక్కటీ లేదు, బీరువా వెతకొద్దు.

పోల్చి వినడానికి మీకు నచ్చే జంట ఒకటి చెబుతాను. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు మగవాడు. సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే ఆ నడక నేర్చుకునేవారట. "మీరజాలగలడా నా యానతి" ఆయన గొంతులో వినండి. తరవాత 1966 సినిమాలో సుశీల పాడింది వినండి. సుశీల పాటలో తీపి ఎక్కువ. స్థానం వారి దాంట్లో పొగరు ఎక్కువ, మొగుణ్ణి నిజంగానే గుప్పిట్లో పెట్టుకున్న ధీమా. యూరప్‌లో దీనికి తిరగేసి ఉంటుంది. మొజార్ట్ 1786లో చేసిన ఒక ఆపెరాలో కెరుబినో అనే తుంటరి కుర్రాడి పాత్ర మామూలుగా ఆడవాళ్ళే పాడతారు.

మన ఊరి వాటా కూడా మరవకండి. గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన కరుణశ్రీ గారి "పుష్పవిలాపం" పద్యాలని ఘంటసాల ప్లేట్లకి పాడాడు. సినిమాతో పనిలేకుండా ఇంటింటా మోగిన పద్యాలవి. పువ్వులు కొయ్యబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్ళని నేనెరుగుదును.

కొనేటప్పుడు తొందర వద్దు. బెజవాడలో ఒక పాతసామాన్ల కొట్టాయన మరియా కల్లాస్ అనే ఆపెరా గాయని ప్లేటు అట్ట చూపించి బేరం పెట్టాడు. తీసి చూస్తే లోపల భజన కీర్తనలు! ముందు ప్లేటు బయటికి తీయండి, వెలుతురుకి ఏటవాలుగా పెట్టి గాళ్ళు చూడండి. లేబులుకీ చివరి గాడికీ మధ్య ఖాళీలో చెక్కిన నంబరు ఉంటుంది. అట్టలు మారతాయి, లేబుళ్ళు చిరుగుతాయి, ఆ చెక్కుడు పోదు. కల్లాస్ "టోస్కా" అనే ఆపెరాని రెండుసార్లు రికార్డు చేసింది, 1953లో మోనో, 1964లో స్టీరియో. స్టీరియో అన్న మాట చూసి రెండోది కొనేస్తారు చాలామంది. గొంతు కావాలంటే 1953దే, అందులో నాకు సందేహమే లేదు.

మన ఎండల సంగతి మీకు తెలుసు. రోహిణి కార్తెలో ఎల్పీని కిటికీ పక్కన పెడితే సాయంత్రానికి అప్పడంలా వంకర తిరుగుతుంది. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, నిలబెట్టాలి. వానాకాలం అట్టలకి బూజు, ఆపైన చెదలు. లక్క ప్లేటుని శానిటైజర్‌తో తుడవడం మాత్రం చెయ్యకండి, స్పిరిట్‌కి లక్క కరిగిపోతుంది. లేబులు తడవకుండా మంచినీళ్ళు, ఒక్క చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. 78కీ ఎల్పీకీ ముల్లు ఒకటి కాదు. 78 గాడి వెడల్పు, ఎల్పీది సన్నం.

వేసవికి వచ్చినప్పుడు వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దాం. చివర్లో పేరు చెప్పిన కేకనీ, మొదట్లో వచ్చే గరగరనీ కొయ్యొద్దు. ఫైలు పేరులో పాడినవాళ్ళు, కంపెనీ, నంబరు, మనం పెట్టిన వేగం, అన్నీ ఉండాలి. లేబులు ఫోటో తీసే పని చిన్నీది. చేతివణుకు వల్ల నావి మసకగా వస్తున్నాయి. ముల్లు మార్చే పని బుజ్జికి.

ఉంటాను,
మీ తాతయ్య.