వేడిని తట్టుకునే ఎంజైమ్‌లు: అపోహలు – వాస్తవాలు

మిర్యాలగూడ మిల్లుల్లో మిగిలే నూకలనుంచి ఇథనాల్ తీయాలంటే, ముందుగా వాటి జావను 85 డిగ్రీలు, అంతకు మించిన వేడిలో పిండిపదార్థాన్ని ముక్కలు చేసే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్‌తో పలచబరచాలి. అటువంటి ఎంజైమ్‌లకు కంప్యూటర్ సాయంతో ఉష్ణ స్థిరత్వం పెంచడమే మా పని కనుక, నల్లగొండ విద్యార్థుల నుంచి తరచూ వినే అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: వేడిని తట్టుకోవాలంటే ఎంజైమ్‌ను సమూలంగా మార్చాలి.

వాస్తవం: ఎంజైమ్‌లు ప్రోటీన్లే, అంటే మడత పడిన అమైనో ఆమ్లాల గొలుసులు; వేడికి ఆ మడత విడిపోతే అవి పనిచేయవు. చాలా ప్రోటీన్లలో మడతను నిలిపి ఉంచే నికర శక్తి మోల్‌కు 5 నుంచి 15 కిలోకేలరీలే కనుక, సరైన చోట చేసిన కొన్ని మార్పులే చాలు. పెట్ ప్లాస్టిక్‌ను (నీళ్ల సీసాల ప్లాస్టిక్) విడగొట్టే ఎల్‌సీసీ అనే ఎంజైమ్‌లో కాల్షియం కూర్చునే చోట డైసల్ఫైడ్ బంధం (రెండు గంధక పరమాణువుల మధ్య ముడి) అమర్చి, మరో రెండు అమైనో ఆమ్లాలను మార్చిన రకాలు 2020లో వెలువడ్డాయి; అలా మెరుగుపరచిన ఎంజైమ్ 72 డిగ్రీల వద్ద 10 గంటల్లో కనీసం 90 శాతం పెట్‌ను విడగొట్టింది.

అపోహ: ప్రోటీన్ ఆకృతిని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ ఇచ్చే నమ్మకపు అంకె ఎక్కువగా ఉంటే ప్రోటీన్ స్థిరమైనదే.

వాస్తవం: ఆ అంకె ఆకృతి అంచనా ఎంత నమ్మదగినదో మాత్రమే చెబుతుంది, వేడికి నిలుస్తుందో లేదో చెప్పదు.

అపోహ: స్థిరత్వం పెరిగితే చురుకుదనం తగ్గక తప్పదు.

వాస్తవం: తప్పనిసరి కాదు. క్రియాశీల స్థానాన్ని (చర్య జరిగే చోటును) కదపకుండా, బంధు ప్రోటీన్ల అమైనో ఆమ్ల వరుసల్లో తరచూ కనిపించే మార్పులనే ఎంచుకుంటే చురుకుదనం చాలావరకు నిలుస్తుంది.

అపోహ: లెక్కలో స్థిరమని తేలిన ఎంజైమ్ ట్యాంకులోనూ నిలుస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా హాని చేసే అపోహ ఇదేనని నా అభిప్రాయం. ఫోల్డెక్స్, రొసెట్టా వంటి కంప్యూటర్ సాధనాలు అంచనా వేసేది మడత పడిన స్థితికి, విడివడిన స్థితికి మధ్య ఉన్న శక్తి భేదాన్ని. ట్యాంకులో మాత్రం విడివడిన అణువులు తిరిగి మడత పడకముందే ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టవచ్చు, ఆస్పరజిన్లు అనే అమైనో ఆమ్లాలు తమ అమైడ్ భాగాన్ని కోల్పోవచ్చు, పీహెచ్ తగ్గితే (ఆమ్లత పెరిగితే) అమైలేజ్‌ను నిలిపి ఉంచే కాల్షియం జారిపోవచ్చు. అందుకే సగం అణువులు విడివడే ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పిన ఫలితాన్ని నేను అసంపూర్ణమనే భావిస్తాను. ఏ పీహెచ్‌లో, ఎంత కాల్షియంతో, ఏ వేడిలో, ఎంత అర్ధాయువు (చురుకుదనం సగానికి తగ్గే సమయం) అన్నది కూడా కావాలి. పిండిపదార్థం అమైలేజ్‌ను కొంత కాపాడుతుంది కనుక, ఆ కొలతను పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ ద్రావణంలోనే కాక నూకల జావలోనూ తీయాలి.